ఒకే కంప్యూటరులో విండోస్, లినక్స్: పక్కపక్కనా? ఒకదాని లోపల ఒకటా?

మన హాస్టల్లో భోజనాల హాలే రాత్రికి స్టడీ హాలు, పదిన్నర దాటితే అదే పడక. పళ్లేలు తీసి నేల తుడిచాకే పుస్తకాలు తెరుస్తాం, పుస్తకాలు మూశాకే దుప్పట్లు పరుస్తాం. ఒకే కంప్యూటరులో విండోస్, లినక్స్ రెండూ వేసుకుని, ఆన్ చేసిన ప్రతిసారీ ఏదో ఒకటి ఎంచుకోవడం సరిగ్గా అలాంటిదే. దీన్ని డ్యూయల్ బూట్ అంటారు. తెరిచిన దానికి హాలంతా దక్కుతుంది. రెండోది కావాలంటే మొదటిది మూసి, కంప్యూటరును మళ్లీ మొదటి నుంచి ఆన్ చేయాలి.

అదే హాలుకు నడుమ తడిక కట్టి ఒక పక్క భోజనాలు, ఇంకో పక్క చదువు ఒకేసారి నడిపితే అది వర్చువలైజేషన్. విండోస్ నడుస్తుండగానే, అందులోని ఒక కిటికీలో లినక్స్ నడుస్తుంది. లినక్స్ తనకొక సొంత కంప్యూటరు ఉందనుకుంటుంది. నిజానికి దాని హార్డ్ డిస్క్ మన విండోస్‌లోని ఒక పెద్ద ఫైలు మాత్రమే. ఇది నిన్నమొన్నటి సంగతి కాదు. ఐబీఎం వారు తమ పెద్ద కంప్యూటర్లకు వీఎం/370 అనే వ్యవస్థను 1972లోనే ఇచ్చారు. 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ తమ ప్రాసెసర్లలోనే ఇందుకు వసతి కల్పించాక ఇది మామూలు కంప్యూటర్లలోనూ చురుగ్గా నడవసాగింది.

పులివెందుల జేఎన్‌టీయూ కళాశాలలోనో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో సీటు వచ్చిన తమ్ముళ్లు మాకు ఫోన్ చేసి అడిగేది ఒకటే. "అన్నా, లినక్స్ ఎట్లా ఎక్కియ్యాల? విండోస్ పోతాదా?" ఈ ప్రశ్నకు మేము ముందు ఇంకో ప్రశ్న వేస్తాం: ర్యామ్ ఎంత?

8 జీబీ, అంతకు మించి ఉంటే వర్చువల్ మెషీన్ చాలు. ఒరాకిల్ వారి వర్చువల్‌బాక్స్ ఉచితం. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024 నవంబరు నుంచి అందరికీ ఉచితమే. లినక్స్‌కు 3, 4 జీబీ ర్యామ్, 25 జీబీ చోటు ఇస్తే సీ ప్రోగ్రాములకు, ల్యాబ్ పనికి ఇబ్బంది ఉండదు. మొదలుపెట్టే ముందు బయోస్‌లో వర్చువలైజేషన్ అనే మీట ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయి కంప్యూటరు పనికిరాదనుకుంటారు. నేర్చుకునేవాడికి దీనిలో పెద్ద లాభం స్నాప్‌షాట్. పని బాగున్నప్పుడు ఒకటి తీసి పెట్టుకుంటే, తర్వాత ఏం చెడగొట్టుకున్నా ఒక్క నొక్కుతో ఆ స్థితికి తిరిగి రావచ్చు.

4 జీబీ ఉంటే మాత్రం తడిక కట్టినా ఇరువైపులా ఎవరికీ కాళ్లు చాపే చోటు ఉండదు. అప్పుడు డ్యూయల్ బూటే దారి. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఈ కోవకే వస్తాయి. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్, కొంత కొత్త ప్రాసెసర్ కావాలి కాబట్టి అవి విండోస్ 10 దగ్గరే నిలిచాయి. దానికి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అలాంటి వాటికి తేలికపాటి లినక్స్ మరికొన్నేళ్ల ఆయుష్షు పోస్తుంది. సీ-డ్యాక్ వారు 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్‌లో తెలుగు కూడా ఉంది.

అయితే డ్యూయల్ బూట్‌లో ఒక ప్రమాదం ఉంది. మాలో ఒకడు డిప్లొమా ఆఖరి ఏడాదిలో ప్రొద్దుటూరులో పాత ల్యాప్‌టాప్ కొన్నాడు. 4 జీబీ ర్యామ్. డ్యూయల్ బూట్ ఎంచుకోవడం సరైనదే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ పక్కన పెట్టమంటావా, డిస్కంతా తుడిచి పెట్టమంటావా అని అడిగింది. ఆ ఇంగ్లీషు వాక్యాన్ని మేము నలుగురం చుట్టూ నిలబడి చదివాం. తుడవడమంటే శుభ్రం చేయడమే కదా అనుకుని రెండోది నొక్కాం. ప్రాజెక్టు రిపోర్టును వారం రోజులు కూర్చుని మళ్లీ టైపు చేసుకున్నాడు. వాళ్ల నాయన ఫోటోలు మాత్రం మరి దొరకలేదు. ఆయన చనిపోయి అప్పటికి రెండేళ్లు.

అందుకే పెన్ డ్రైవ్‌లోకి ఫైళ్లన్నీ ఎక్కించి, వేరే కంప్యూటరులో తెరిచి చూసుకున్నాకే పార్టీషన్ జోలికి పోవాలి. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్ అయితే కరెంటు పోయే వేళల్లో అసలు వద్దు. పార్టీషన్ సగం జరిగాక కరెంటు పోతే రెండు సిస్టంలూ పోవచ్చు. జమ్మలమడుగు అయినా పులివెందుల అయినా, హాస్టల్లో నలభై మంది వాడే ఒకే కంప్యూటరు ఉంటే దానిమీద ఈ ప్రయోగం వద్దు. అక్కడ లైవ్ పెన్ డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి చూడవచ్చు. అది డిస్కును ముట్టుకోదు.

ఇక ప్రొద్దుటూరు డీటీపీ సెంటర్లలో పెళ్లిపత్రికలు కొట్టే అన్నలది వేరే కథ. వారికి కావలసింది పాత విండోస్. పేజ్‌మేకర్ ఆఖరి కూర్పు 7.0 వచ్చింది 2001లో. అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లన్నీ అందులోనే ఉంటాయి. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్‌లోనే ఆగింది కాబట్టి దాన్ని నేరుగా ఇంటర్నెట్‌లో పెట్టడం ప్రమాదం. కొత్త విండోస్ లోపల వర్చువల్ మెషీన్‌గా పెట్టి, దాని నెట్ తీసేస్తే పాత పని సాగుతుంది. డబ్బు తెచ్చే పనికి ఆ తడికే మేలని మా అభిప్రాయం.

డ్యూయల్ బూట్ వేసుకున్నాక విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతే బెదరవద్దు. లినక్స్ అంతర్జాతీయ కాలాన్ని, విండోస్ మన కాలాన్ని యంత్రంలో రాసుకోవడమే కారణం. సెట్టింగు ఒకటి మారిస్తే సరిపోతుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ముందే ఆపేయండి, లేకుంటే ఆ డ్రైవులోకి లినక్స్ నుంచి ఏమీ రాయలేరు. బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి ట్రంకు పెట్టెలో పెట్టుకోండి. ల్యాప్‌టాప్ లోపల దాచుకుంటే తాళంచెవిని లోపలే పెట్టి తలుపు వేసినట్లే.