తుపాకీ మీట మొరాయిస్తే

1520లో శ్రీకృష్ణదేవరాయల సేన బీజాపూరు చేతిలో ఉన్న రాయచూరు కోటను ముట్టడించింది. గునపాలతో గోడ రాళ్లు పెకలించబోయిన వాళ్ల మీద పైనుంచి రాళ్లూ బాణాలూ కురిశాయి. అప్పుడు క్రిస్తోవావ్ ద ఫిగెరెదొ అనే పోర్చుగీసు వ్యాపారి ఇరవై మంది తుపాకీదారులతో ముందుకొచ్చి, గోడ మీద తల ఎత్తిన వాళ్లను ఎంచి ఎంచి కొట్టాడు. కింద పనిచేసేవాళ్లకు వెసులుబాటు దొరికింది. సంగతేమిటో చూద్దామని గోడ మీదినుంచి వంగిన కోట అధిపతి నుదుట గుండు తగిలింది. మర్నాడే కోట లొంగిపోయింది. ఈ వృత్తాంతాన్ని కొన్నేళ్ల తరువాత రాసిపెట్టినవాడు మరో పోర్చుగీసు గుర్రాల వర్తకుడు, న్యూనిజ్. ఆ యుద్ధంలో ఫిరంగుల బలం బీజాపూరు పక్షానిదే. అయినా కాకతీయుల నాటి, 1294 తెలుగు శాసనం ఉన్న ఆ కోట ముందు తేడా తెచ్చింది పెద్ద పేలుడు కాదని నా నమ్మకం. అనుకున్న క్షణానికి, అనుకున్న మనిషి మీదికి, వేలి కదలికతో వదలగలిగిన చిన్న పేలుడే తేడా తెచ్చింది.

అవి వత్తి తుపాకులు. పెట్లుప్పు నీళ్లలో నానబెట్టి ఆరబెట్టిన తాడు కొస నెమ్మదిగా రగులుతూ ఉంటుంది. వంకీ తిరిగిన ఇనుప చేయి ఆ వత్తిని పట్టుకుంటుంది. మీట నొక్కితే ఆ చేయి వాలి, గొట్టం పక్కనున్న పళ్లెంలోని సన్నమందును అంటిస్తుంది. ఆ మంట చిన్న రంధ్రం గుండా లోపలి మందుకు పాకుతుంది. వత్తి కొస బూడిద కట్టినా, పళ్లెంలో మందు చెమ్మగిల్లినా, రంధ్రం మసితో మూసుకుపోయినా తుపాకీ పేలదు. మూడు సందర్భాల్లోనూ మీట తన పని సక్రమంగానే చేసింది. తప్పు ఒకచోట, అనుమానం మరోచోట. తుపాకీ మరమ్మతులో ఈ చిక్కు అప్పటినుంచి ఇప్పటిదాకా మారలేదు.

ఈ మాట నేటి సెమీ ఆటోమేటిక్ రిమ్‌ఫైర్ రైఫిల్‌కు మరీ బాగా వర్తిస్తుంది. పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నుంచి వాడుకలో ఉంది. 5.6 మిల్లీమీటర్ల వ్యాసం, మామూలుగా 2.6 గ్రాముల సీసపు గుండు. దీనికి అడుగు మధ్యలో విడిగా కేపు ఉండదు. తాకిడికి మండే రసాయనం తూటా అడుగు అంచు మడతలో చుట్టూ పరుచుకుని ఉంటుంది. పిన్ను ఆ అంచును నలిపితేనే నిప్పు పుడుతుంది. గుండు బయటికి పోతుండగా అదే పీడనం ఖాళీ తొడుగును వెనక్కి తోస్తుంది. ఆ తోపుతో బోల్ట్ వెనక్కి జరిగి హ్యామర్‌ను మళ్లీ ఎక్కుపెడుతుంది, తిరిగి వస్తూ కొత్త తూటాను లోపలికి తోస్తుంది. 1964లో వచ్చి నేటికీ అమ్ముడవుతున్న రూగర్ 10/22 ఈ కోవలో బాగా పేరుపొందిన రైఫిల్.

ఎక్కుపెట్టిన హ్యామర్‌ను స్ప్రింగు ముందుకు తోస్తూ ఉంటుంది. సియర్ అనే చిన్న ఉక్కు కొన దాని గాడిలో చిక్కుకుని ఆపుతుంది. ఈ రెండు ఉక్కు ముఖాలు ఒకదానిమీద ఒకటి ఆనే వెడల్పు మిల్లీమీటరులో కొంత భాగమే. వేలికి తగిలే బరువులో ఎక్కువ భాగం అక్కడి రాపిడిదే. హ్యామర్ స్ప్రింగు ఎంత బలంగా ఉంటే ఆ రెండు ముఖాలూ అంత గట్టిగా ఒత్తుకుంటాయి, జారడానికి అంత బలం కావాలి. ముఖాలు కలిసే కోణం ఇంకా ముఖ్యం. సియర్ జారుతూ హ్యామర్‌ను రవ్వంత వెనక్కి నెట్టేలా కోణం ఉంటే పట్టు భద్రం. కోణం అటువైపు తిరిగితే హ్యామర్ ఒత్తిడే సియర్‌ను బయటికి తోసేస్తుంది. అలాంటి రైఫిల్ కింద పెట్టినప్పుడు తగిలే చిన్న దెబ్బకే పేలవచ్చు.

మూడో భాగం డిస్కనెక్టర్. వేలు ఇంకా మీట మీదే ఉండగా బోల్ట్ తిరిగి వచ్చేస్తుంది కదా. అప్పుడు మీటకూ సియర్‌కూ సంబంధం తెంపి హ్యామర్‌ను మళ్లీ పట్టుకునేలా చేసేది ఇదే. వేలు వదిలాక మీట ముందుకొస్తేనే ఆ సంబంధం తిరిగి కలుస్తుంది. ఒక నొక్కుకు ఒకే గుండు అన్న నియమం ఈ చిన్న ముక్క మీద ఆధారపడి ఉంది.

ఇక లోపాల సంగతి. రైఫిల్ పేలకపోతే మొదట గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి, ఆలస్యంగా అంటుకునే తూటాలు ఉంటాయి. ఆ తరువాత మ్యాగజైన్ తీసి, లోపలి తూటాను బయటికి తీసి దాని అంచును చూడాలి. పిన్ను గుర్తు లోతుగా ఉండి పేలకపోతే ఆ చోట రసాయనం సరిగా పరుచుకోలేదన్నమాట, తప్పు తూటాది. గుర్తు పలచగా ఉంటే దెబ్బ చాలలేదు. బోల్ట్ లోపల మసి, చిక్కబడ్డ నూనె, నీరసించిన హ్యామర్ స్ప్రింగు, అరిగిన పిన్ను, వీటిని ఆ వరుసలోనే అనుమానించాలి. గుర్తే లేకపోతే హ్యామర్ కదలలేదు, లేదా బోల్ట్‌తోపాటే మెల్లగా వాలిపోయింది. ఒక పేలని తూటా అంచు ఇంత కథ చెబుతుంటే, చూడకుండా పారేసి నేరుగా మీట విప్పడం నాకు బాధ కలిగిస్తుంది.

మీట నొక్కాక తిరిగి ముందుకు రాకపోవడం తరచుగా కనిపించే ఫిర్యాదు. బోల్ట్ తెరుచుకునే క్షణానికి గొట్టంలో పీడనం ఇంకా మిగిలి ఉంటుంది కాబట్టి మసి, సీసపు పొడి, గుండుకు పూసిన మైనం వెనక్కి వచ్చి మీట పెట్టెలో చేరతాయి. పైన నూనె ధారాళంగా పోసి ఉంటే అన్నీ కలిసి జిగురవుతాయి. మీటను తోసే చిన్న స్ప్రింగుకు ఆ జిగురును గెలిచే బలం ఉండదు. రాయచూరు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు మైనం మెత్తబడుతుంది, నల్లరేగడి దుమ్ము నూనెకు అంటుకుంటుంది. అక్కడ నూనె ఎంత తక్కువైతే అంత మేలు. మీట పెట్టెను శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఇరుసుల దగ్గర ఒక్కో చుక్క వేస్తే చాలు. చాలా ఫిర్యాదులు అక్కడితో తీరిపోతాయి.

మీట దోషమా, వేలి దోషమా అన్న ప్రశ్నను అంతర్జాతీయ పోటీల నియమాలే గుర్తించాయి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం గెలుచుకున్న 25 మీటర్ల పిస్టల్ పోటీలో వాడేది సెమీ ఆటోమేటిక్ రిమ్‌ఫైర్ ఆయుధమే. మీట యంత్రాంగం పనిచేయకపోతే ఆ నియమాలు దాన్ని న్యాయమైన లోపంగా ఒప్పుకుంటాయి. వెనుకటి గుండు పేలాక క్రీడాకారిణి మీటను తగినంత ముందుకు రానివ్వకపోతే మాత్రం ఒప్పుకోవు. రైఫిల్ బాగుచేసేవారు కూడా అదే వివేకం చూపాలి. మరొకరి చేతికిచ్చి పేల్పించి చూస్తే ఆ సందేహం చాలావరకు తేలిపోతుంది.

ఒక్క నొక్కుకు రెండు గుండ్లు పోయినా, బోల్ట్ మూసుకునేటప్పుడు హ్యామర్ తనంతట జారినా, మీట నొక్కకుండా పేలినా ఇక పరీక్షలు వద్దు. తూటాలు తీసేసి లైసెన్సు ఉన్న ఆయుధ నిపుణుడికి అప్పగించాలి. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం మరమ్మతుకూ లైసెన్సు కావాలి, ఆ షరతులో శాస్త్రం ఉంది. చాలా సియర్ల ఉక్కుకు పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది. మీట తేలిక కావాలని ఆకురాయి పట్టించిన వ్యక్తి ఆ పొరను గీకేస్తాడు. మొదటి రోజు మీట వెన్నలా జారుతుంది. లోపలి మెత్తటి లోహం బయటపడింది గనుక ఆ తరువాత ప్రతి గుండుకూ అంచు గుండ్రబడి, కోణం మారిపోతుంది.

విప్పి శుభ్రం చేసిన రైఫిల్‌ను మళ్లీ బిగించాక ఖాళీ గొట్టంతో ఒక పరీక్ష చేయవచ్చు. పాత రిమ్‌ఫైర్లలో ఖాళీ దెబ్బకు పిన్ను గొట్టం అంచును కొట్టి గుంట చేస్తుంది, కాబట్టి లోపల వాడేసిన తొడుగు ఉంచుకోవడం మంచిది. మీట నొక్కి అలాగే పట్టుకుని, బోల్ట్‌ను వెనక్కి లాగి వదలాలి. హ్యామర్ పడకూడదు. అప్పుడు వేలు మెల్లగా వదిలితే మీట తిరిగి కలిసిన టిక్కుమన్న చప్పుడు వినిపించాలి. మళ్లీ నొక్కితేనే హ్యామర్ పడాలి. బరువు చూడాలంటే పోటీల పద్ధతే నమ్మకమైనది. గొట్టాన్ని నిటారుగా నిలిపి, మీట మధ్యన బరువు తగిలించి నేలమీదినుంచి లేపుతారు. 25 మీటర్ల పిస్టల్‌కైతే కనీసం 1000 గ్రాములు మోయాలి, అందుకు మూడు ప్రయత్నాలు ఇస్తారు.