పాత ఇటలీ సైకిలుకు అంత పేరెందుకు?

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో వచ్చే మొదటి తగాదా సైకిలు గురించే. అమ్మేద్దామా, లారీలో వేద్దామా? సాల్ట్ లేక్‌లో సైకిలు కొన్న పిల్లలందరికీ ఈ ప్రశ్న ఏదో ఒక ఏడు తప్పదు. అలాంటిది, యాభై ఏళ్లనాటి కొల్నాగో, బియాంకీ రేసు సైకిళ్లను మాత్రం ప్రపంచమంతా వెతికి మరీ కొంటారు. ఎందుకో చూద్దాం.

సాల్ట్ లేక్ చిత్తడి నేలను పూడ్చి కట్టిన ఊరు, బల్లపరుపుగా ఉంటుంది. గేర్లు లేకపోయినా ఇబ్బంది లేదు. ఇటలీ సంగతి వేరు. 1909లో మొదలైన ‘జీరో దితాలియా’ పందెం ఆల్ప్స్ కొండలెక్కి దిగుతుంది. ఎక్కేటప్పుడు బరువు తక్కువుండాలి, దిగేటప్పుడు ఫ్రేము వణకకూడదు. అందుకే మిలాన్‌లోని కొలంబస్ కంపెనీ చివర్లలో మందంగా, నడుమ పల్చగా ఉండే ఉక్కు గొట్టాలు చేసింది. పనివాళ్లు వాటి చివర్లను లగ్గులనే తొడుగుల్లో దూర్చి, ఉక్కు కరగనంత వేడిలో ఇత్తడి కరిగించి అతికేవారు. తర్వాత లగ్గుల అంచుల్ని ఆకురాయితో అరగదీసేవారు. పేరున్న పోటీదారుడికైతే దర్జీలా ఒంటి కొలతలు తీసుకుని ఫ్రేము కట్టేవారు. ఇలా అతికిన గొట్టం దెబ్బతింటే దాన్నొక్కదాన్నే ఊడదీసి మార్చవచ్చు. ఆ బళ్లు నేటికీ నడవడానికి అదొక కారణం.

ఒకప్పుడు రేసు సైకిలు వెనక చక్రానికి రెండు వైపులా పళ్ల చక్రాలుండేవి. ఎత్తు రాగానే దిగి, నట్లు విప్పి, చక్రం తిప్పి బిగించుకోవాలి. 1927లో తుల్లియో కాంపన్యోలో అనే పోటీదారుడు మంచులో వేళ్లు కొంకర్లు పోయి ఆ నట్లు విప్పలేకపోయాడని చెబుతారు. తర్వాత ఆయన పానా లేకుండా ఒక్క మీటతో చక్రం ఊడొచ్చే ఏర్పాటు కనిపెట్టి, 1933లో విచెంజాలో కంపెనీ పెట్టాడు. మీ గేర్ల సైకిలు ముందు చక్రానికి అలాంటి మీట ఉందేమో చూడండి. సామాను సర్దే రోజున నాన్నగారి పని సగం తగ్గుతుంది!

పేరు తెచ్చినవాళ్లలో పోటీదారులూ ఉన్నారు. జీనో బార్తాలి 1938లోనూ, మధ్యలో యుద్ధం గడిచాక 1948లోనూ టూర్ దె ఫ్రాన్స్ గెలిచాడు. యుద్ధకాలంలో యూదులను కాపాడే నకిలీ గుర్తింపు పత్రాలను చేరవేసినందుకు 2013లో యాద్ వాషెమ్ సంస్థ అతన్ని గౌరవించింది. సాధన చేస్తున్నట్టు కనిపిస్తూ, కాగితాలను ఫ్రేము గొట్టాల్లో దాచేవాడట.

అయితే పేరంతా నాణ్యత వల్లే వచ్చిందంటే మేము ఒప్పుకోం. 1964లో జపాన్‌కు చెందిన సన్‌టూర్ చేసిన గేరు మార్చే పరికరం ఇటలీవాటికన్నా సాఫీగా పనిచేసేది, ధరా తక్కువే. అయినా మోజు ఇటలీ మీదే. పైగా ఫ్రేము మీది పేరు కట్టినవాడిదే కానక్కర్లేదు. మిలాన్‌లో విగోరెల్లి సైకిల్ ట్రాక్ కింద ఫలియేరో మాజీ దుకాణం ఉండేది. ఆయన కట్టిన ఫ్రేములు కొన్ని వేరే కంపెనీల రంగులతో పందేలకు వెళ్లాయి.

అందుకే తెలిసినవాళ్లు స్టిక్కరు చూసి మోసపోరు, స్టిక్కర్లు విడిగానూ దొరుకుతాయి. సైకిలు తలకిందులుగా నిలబెట్టి, పెడళ్ల ఇరుసు దగ్గర అతుకులు చూస్తారు. అక్కడ ఆకురాయి పనితనం తెలిసిపోతుంది.