తొట్టిలో నత్త

వానాకాలం వచ్చింది. తిరుమలగిరి చెరువుల్లో, కుంటల్లో నత్తలు కనిపిస్తాయి. పిల్లలు ఒకటి తెచ్చి తొట్టిలో వేస్తారు. అది బతకాలంటే ఏం చేయాలి?

చెరువు నత్తకు చేపలాగా మొప్పలుంటాయి. మనలాగా ఊపిరితిత్తీ ఉంటుంది. గాలి కోసం నీటి పైకి వస్తుంది. అందుకని తొట్టి నిండా నీళ్లు పోయొద్దు. చిల్లుల మూత పెట్టాలి. లేకుంటే పాకి పోతుంది. మేతకు ఆకుకూర వేయాలి. మిగిలింది తీసెయ్యాలి. కుళ్లితే నీళ్లు చెడతాయి.

నత్త మూత బిగించుకుంటే చచ్చిందనుకోవద్దు. ఎండాకాలం బురదలో అట్లనే నెలల తరబడి పడుకుంటుంది. కంపు కొడితేనే చచ్చినట్టు.

నత్తను ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగాలి. కొన్ని నత్తల్లో మెదడుకు హాని చేసే పురుగులుంటాయి.

బజారులో కొన్న పరదేశపు నత్తను చెరువులో వదలొద్దు. 1980లలో ఫిలిప్పీన్స్ దేశంలో కూర కోసం దక్షిణ అమెరికా నత్తలు తెచ్చారు. అవి పొలాల్లో పడి వరి నారు మేశాయి. మన నాట్లకు ఆ గతి రావద్దు.