బిడ్డకు తల్లి యిచ్చు తొలి సొత్తు

కార్తిక మాసమున కారెంపూడిలో వీరారాధనోత్సవము జరుగునపుడు మన పలనాటివారు బాలచంద్రుని శౌర్యమును చెప్పుకొని పొంగుదురు. బ్రహ్మనాయుని కుమారుడని యందరును పొగడుదురు. తల్లి ఐతాంబ పేరు వెనుక వచ్చును. వీరులకే కాదు, ఏ బిడ్డకైనను వంశము తండ్రిదనుట మనకు వాడుక. కాని దేహము మొదలగు తీరును విచారించినచో తల్లి భాగమెంతటిదో తెలియగలదు.

మన శరీరము కంటికి కానరాని కణములతో నిర్మింపబడినది. కణమునందు కేంద్రకమనునది యొకటి కలదు. దాని చుట్టును జిగురువలె నిండియున్న పదార్థమే కణద్రవ్యము. కేంద్రకము వంశలక్షణములను వ్రాసియుంచిన తాళపత్రముల పెట్టె యనుకొన్నచో, కణద్రవ్యము వంటయిల్లు. మాంసకృత్తులు తయారగుటయు, చక్కెర విరిగి శక్తి పుట్టుటయు నచ్చటనే. ఆ శక్తిని చిల్లర నాణెమువలె అవసరమైన చోటికి చేర్చు పదార్థము ఏ.టి.పి. 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డునందు ఫిస్కేగారితో కలసి 1929లో దీనిని కనుగొనిరి. ఆ సంవత్సరమే జర్మనీలో లోమన్‌గారును వేరుగా కనుగొనిరి.

కేంద్రకమునందలి లక్షణములను తల్లిదండ్రులిరువురును చెరిసగము నిత్తురు. కణద్రవ్యము మాత్రము దాదాపు సర్వమును తల్లి అండమునుండియే వచ్చును. అండము మిల్లీమీటరులో పదవవంతే. అయినను గర్భస్థ పిండము తొలిదినములలో ఆ నిలువతోనే పెరుగును. శక్తిని వండు పొయ్యిలవంటి మైటోకాండ్రియా లనునవియు అందులోనివే. అవి తల్లినుండి కూతురికి, కూతురినుండి మనుమరాలికి సంక్రమించును.

ఇంతటి సొత్తు నిచ్చు తల్లి మన యిండ్లలో నెట్లు భుజించుచున్నది? అందరును తినిన పిమ్మట, గిన్నె యడుగున మిగిలినది! కణములు వృద్ధిపొందుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలవారు 1945లో దీనిని కృత్రిమముగా తయారుచేసిరి. ఇది చాలనిచో తల్లికి రక్తహీనత కలుగవచ్చును. శిశువు మెదడునకు, వెన్నుపామునకు లోపము రావచ్చును. ఆ భాగములకు మూలమగు నాళము గర్భము నిలిచిన 28 దినములలోనే మూసికొనును. అప్పటికి తాను గర్భవతినని పెక్కుమంది స్త్రీలకు తెలియనే తెలియదు.

కావున ముందుగనే జాగ్రత్తపడవలెను. తోటకూర, పెసలు, సెనగలు నిత్యము తినుడు. ఆకుకూరను అతిగా ఉడికించి నీరు పారబోయకుడు. బిడ్డను కోరు స్త్రీ గర్భము ధరింపకమునుపే వైద్యుల నడిగి ఫోలిక్ ఆమ్లపు మాత్రలు వాడవలెను. అత్తగారలారా! మనుమని కొరకు మ్రొక్కుకొనుటకు ముందు, కోడలికి వేళకు విస్తరి వేయుడు.