కరెంటు స్తంభమెక్కిన నెట్టు: కోనసీమ ఫైబర్ గురించి మీకు తెలుసా?

ఇంటింటికీ ఫైబర్ అనగానే ఏ విశాఖ మధురవాడో మనసులో మెదులుతుంది గానీ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ పని మొదలుపెట్టింది కోనసీమలో. సఖినేటిపల్లి మండలం మోరి. అంతర్వేదికి దగ్గరి ఊరు, జీడిపప్పుకు పేరున్న ఊరు. 2016 డిసెంబరు 29న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఏపీ ఫైబర్‌ను అక్కడే ప్రారంభించారు. మోరి పేరు పైకి రావడానికి ఇంకో కారణం ఉంది. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్యుడు సోలొమన్ డార్విన్‌ మూలాలు ఆ ఊరివే. స్మార్ట్ విలేజ్ ప్రయోగానికి ఆయన సొంత ఊరినే ఎంచుకున్నారు. ఊరి బిడ్డ పెద్ద చదువు చదివితే బడికో గుడికో ఏదో ఒకటి కట్టిస్తాడని ఎదురుచూస్తాం. మోరికి గాజు తీగ వచ్చింది.

దాదాపు ఏడాదికి, 2017 డిసెంబరు 27న, వెలగపూడి సచివాలయంలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని రాష్ట్రానికంతా అంకితం చేశారు. అప్పటి ధర నెలకు 149 రూపాయలు. అందులోనే నెట్టు, టీవీ, ఫోను. అప్పట్లో అమలాపురంలో ఒక్క కేబుల్ టీవీకే ఎంత కట్టేవాళ్లో గుర్తున్నవాళ్లకు ఆ ధర ఎందుకు సంచలనమైందో తెలుస్తుంది. మెలిక కూడా ఉండేది: 15 ఎంబీపీఎస్ వేగం మొదటి 5 జీబీకే, అది అయిపోతే 1 ఎంబీపీఎస్. 2023లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ అని పిలవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని నిర్వచనం మార్చింది. అంటే నెల మొదట్లో బ్రాడ్‌బ్యాండ్‌గా ఉన్నది, పిల్లలు నాలుగు సినిమాలు చూసేశాక, ఇప్పటి లెక్కలో బ్రాడ్‌బ్యాండే కాదు.

తవ్వకుండా 23 వేల కిలోమీటర్లు

ఫైబర్ వేయడంలో ఖర్చంతా గాజుది కాదు, గునపానిది. రోడ్డు తవ్వాలి, అనుమతులు తేవాలి, పూడ్చాలి. అందుకే ఏపీలో తవ్వకం మానేసి, అప్పటికే ఊరూరా పాతి ఉన్న కరెంటు స్తంభాలను వాడుకున్నారు. 23 వేల కిలోమీటర్లకు పైగా తీగను వాటికే కట్టారు. భూమిలో వేస్తే సుమారు 5,000 కోట్లు అయ్యేదనీ, స్తంభాల మీద వేయడం వల్ల 333 కోట్లతో తేలిపోయిందనీ ప్రభుత్వం చెప్పుకుంది. టెండర్ల మీద తర్వాత రాజకీయ రగడ రేగి వ్యవహారం కోర్టు దాకా వెళ్లింది, అది వేరే కథ. పొరుగున తెలంగాణ ఇంకో దారి పట్టింది: మిషన్ భగీరథ మంచినీటి గొట్టాల కోసం ఎలాగూ కందకాలు తవ్వుతున్నారు కదా అని, ఫైబర్ వేసే గొట్టాన్ని కూడా వాటిలోనే పడేసింది.

కోనసీమకైతే స్తంభమే మేలని నాకనిపిస్తుంది. ఇక్కడ మూడడుగులు తవ్వితే నీళ్లు. అడుగడుగునా పంట కాలువ, బోదె. అవి కాక చమురు, గ్యాసు గొట్టాలు చేల కింద నుంచే పోతుంటాయి. ఎక్కడ గునపం దించాలన్నా ఆలోచించాలి.

హైటెన్షన్ తీగ పక్కన ఇంకో తీగ కడితే షాకు కొట్టదా? కొట్టదు. ఆ కేబుల్లో లోహమన్నదే ఉండదు. లోపల గాజు పోగులు, చుట్టూ లాగుడు తట్టుకునే గట్టి నూలు, పైన ప్లాస్టిక్ తొడుగు. ఇనుప ఆధారం లేకుండా తన బరువు తనే మోసుకుంటుంది. కరెంటు పారే వీలే లేదు. పిడుగు పడినా రాగి తీగలోలా ఇంట్లోకి పాకి రాదు.

కొబ్బరి మట్ట

స్తంభం మీద తీగకు కోనసీమలో పెద్ద శత్రువు ఎవరంటే, కోనసీమకు అన్నం పెట్టే చెట్టే. ఎండిన మట్ట గాలికి ఊడి పడితే తీగ మీదే పడుతుంది. దింపు రోజున గెల జారినా అంతే. గాజు తెగకపోయినా వంగితే చాలు, వెలుగు ఆ వంపు దగ్గర బయటికి కారిపోతుంది. ఇక తుపాను సంగతి చెప్పేదేముంది, 1996 నవంబరు 6 రాత్రి చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ దెబ్బకు చెట్లే నిలవలేదు, స్తంభాలెంత. భూమిలో వేస్తే నీరు, పైన వేస్తే గాలి. చవక కావాలంటే గాలితో వేగడమే.

ఇంట్లో బాక్సు మీద ఎర్ర దీపం టపటపా కొట్టుకుంటే వెలుగు అందడం లేదని అర్థం. వానాకాలం రోజుల్లో ఆ దీపం చూడని ఇల్లు అరుదు. కేబుల్ కుర్రాడు వచ్చి ముందు చిన్న మీటరు తగిలిస్తాడు. అంకె మైనస్ 20 దరిదాపుల్లో ఉంటే ఫర్వాలేదు, మైనస్ 28 దాటిందా తీగలో ఎక్కడో తేడా. తర్వాత పెన్నులాంటి ఎర్ర లేజరును ఒక కొసలో పెడితే, విరిగిన చోట తొడుగులోంచి ఎర్రగా మెరుస్తుంది. అక్కడ తొడుగు ఒలిచి, స్పిరిటుతో తుడిచి, కొసను నిలువుగా కోసి, రెండు కొసలనూ స్ప్లైసింగ్ మిషన్లో ఎదురెదురుగా పెడతాడు. మిషనే వాటిని తెర మీద చూసుకుంటూ వరసకు తెచ్చి, చిన్న నిప్పురవ్వతో గాజును గాజుకు అతికేస్తుంది. పోగు మొత్తం మందం 125 మైక్రాన్లు, వెలుగు నడిచే దారి మాత్రం 9 మైక్రాన్లు. రావులపాలెం సంత పక్కన దుమ్ములో నిచ్చెన మీద నిలబడి ఈ పని చేసేవాణ్ని మనం "కేబుల్ అబ్బాయి" అని పిలిచి ఊరుకుంటాం.

అసలు ఈ వ్యవస్థంతా నడిచేది వాళ్ల మీదే. ఊరి దాకా తీగ తెచ్చింది ప్రభుత్వ సంస్థ. ఊళ్లోంచి గుమ్మం దాకా తెచ్చేది, బాక్సు పెట్టేది, డబ్బు వసూలు చేసేది, అర్ధరాత్రి క్రికెట్ మధ్యలో ఆగిపోతే తిట్లు తినేది స్థానిక కేబుల్ ఆపరేటరు. ఆయన చురుగ్గా ఉన్న వీధిలో ఫైబర్ బాగుంటుంది, లేని వీధిలో ఉండదు. ఒకే తీగ, ఒకే ధర అయినా రెండు ఊళ్ల అనుభవం ఒకటి కాకపోవడానికి సగం కారణం ఇదే.

మధ్యలో కరెంటు అక్కర్లేదన్నది ఇంకో విశేషం. ఒక పోగులో వచ్చిన వెలుగును 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచే స్ప్లిట్టరుకు ప్లగ్గూ బ్యాటరీ ఏమీ ఉండవు. వీధిలో కరెంటు పోయినా వెలుగు మీ గుమ్మం దాకా వస్తూనే ఉంటుంది. ఇన్వర్టరు ఉన్నవాళ్లకు నెట్టు ఆగదు.

తీగ లేకుండా ఏరు దాటడం

2017 డిసెంబరులోనే గూగుల్ సోదర సంస్థ ఎక్స్‌తో ఏపీ ఒప్పందం చేసుకుంది. తీగ వేయలేని చోట్ల రెండు ఎత్తైన స్తంభాల మీద పెట్టెలు పెట్టి, కంటికి కనబడని కాంతి పుంజాన్ని ఒకదాన్నుంచి ఇంకోదానికి పంపే పద్ధతిలో 2,000 లింకులు పెడతామని ప్రకటించారు. ఆ సాంకేతికతే తర్వాత టారా పేరుతో ఎదిగింది. 2021లో ఆఫ్రికాలో కాంగో నదికి అటూ ఇటూ ఉన్న బ్రాజవిల్, కిన్షాసా నగరాలను దాదాపు 5 కిలోమీటర్ల మేర కలిపింది. వశిష్ఠ గోదావరి మీద పంటు కోసం రేవులో ఎదురుచూసిన ఎవరికైనా ఆ ఉపాయం విలువ తెలుస్తుంది.

మళ్లీ స్తంభాల దగ్గరికొస్తే, కరెంటు వాళ్ల స్తంభాల మీద నెట్టు మన ఒక్కరి ఆలోచనేం కాదు. అమెరికాలోని చట్టనూగాలో నగర విద్యుత్ సంస్థ ఈపీబీయే ఫైబర్ వేసి, 2010లో తన పరిధి అంతటా 1 గిగాబిట్ వేగం ఇచ్చింది. కేరళ కూడా విద్యుత్ బోర్డు స్తంభాలనే నమ్ముకుని 2023 జూన్ 5న కే-ఫోన్ మొదలుపెట్టింది. స్టాక్‌హోమ్ నగరం మాత్రం 1994లో స్టోకాబ్ అనే సంస్థ పెట్టి, ఖాళీ ఫైబర్‌ను కంపెనీలకు అద్దెకిచ్చి తాను తప్పుకుంది. మన ప్రభుత్వం టీవీ చానళ్లు కూడా తానే అమ్మాలని చూసింది. నా మట్టుకు స్టాక్‌హోమ్ పద్ధతే నచ్చుతుంది.

ఒక్క ఉత్తర్వు చాలు

నెట్టు ఆగడానికి మట్టే పడనక్కర్లేదు. 2022 మే 24న కోనసీమ జిల్లా పేరు మార్పుపై అమలాపురంలో అల్లర్లు జరిగాయి. వెంటనే కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు, అది రోజుల తరబడి రాలేదు. కోవిడ్ తర్వాత ఇళ్ల నుంచి పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని అవతలి గట్టు సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకు చేరారు. అప్పట్లో ఇలాంటి నిలుపుదలకు 2017 నాటి నిబంధనల ప్రకారం రాష్ట్ర హోం కార్యదర్శి ఉత్తర్వు సరిపోయేది. అలాంటి ఉత్తర్వులను ప్రజలకు ప్రకటించి తీరాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలోనే చెప్పింది. ఎదుర్లంక వంతెన దాటితే వచ్చే యానాం పుదుచ్చేరిలో భాగం కాబట్టి, ఆంధ్ర హోంశాఖ ఉత్తర్వు అక్కడ చెల్లదు.