చేతిమీది చారలు

భిలాయి ఉక్కు కర్మాగారాన్ని కాపలా కాసే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళంలో హెడ్‌కానిస్టేబులు చేతిమీద మూడు చారలుంటాయి. జాముల్ మొదలు భిలాయి సెక్టార్ల వరకు నివసించే తెలుగు కుటుంబాలవారికి అవి నిత్యం కంటబడేవే. ఇరుగుపొరుగు హిందీవారు వాటిని ‘ఫీతీ’ అంటారు. చూడబోతే గుడ్డ పేలికలు. వాటి వెనుక రెండు శతాబ్దాల చరిత్ర ఉన్నది.

ఈ చారకు ఆంగ్లంలో పేరు షెవ్రాన్. ఫ్రెంచి భాషలో ఆ మాటకు ఇంటికప్పును మోసే వాసం అని అర్థం. 1802లో బ్రిటిష్ సైన్యం సార్జెంటుకు మూడు, కార్పొరల్‌కు రెండు చారలు నిర్ణయించింది. ఆ పద్ధతే మన సైన్యానికీ సంక్రమించింది. అమెరికా సైన్యంలో చార కొన పైకి ఉంటే, మన దేశంలో క్రిందికి ఉంటుంది.

సిపాయికి చారలు లేవు. లాన్స్ నాయక్‌కు ఒకటి, నాయక్‌కు రెండు, హవల్దారుకు మూడు. బ్రిటిష్ వారి చారలకు పేర్లు మాత్రం మనవే నిలిచాయి. నాయక్ అంటే మన నాయకుడే. హవల్దారు పారశీక పదం. ఒక బాధ్యత అప్పగింతగా పొందినవాడని భావం. సిపాయికి సైతం ఒకప్పుడు ఉత్తరాదిన ‘తిలంగా’ అని పేరుండేది. పద్దెనిమిదవ శతాబ్దంలో కంపెనీ సిపాయిలు తొలుత తెలుగునాటి నుండి, దక్షిణాది నుండి వెళ్ళినవారు కావడమే అందుకు కారణం.

అధికారి భుజంమీది నక్షత్రాలు రాష్ట్రపతి ఇచ్చే కమిషన్‌తో వస్తాయి. చారలు సిపాయిగా చేరినవాడు సంపాదించుకొనేవి. చార వచ్చిన తరువాత కూడా అతడు తోటివారితో అదే లంగరులో భోజనం చేస్తాడు. అయినా వారి క్రమశిక్షణకు, ఆయుధాలకు, యుద్ధంలో వారి ప్రాణాలకు జవాబుదారీ అతడే.

ఆ బాధ్యత ఎంతటిదో పరమవీరచక్ర జాబితా చెబుతుంది. 1948 ఫిబ్రవరి 6న కాశ్మీరులోని నౌషేరా వద్ద తొమ్మండుగురి కావలి స్థావరానికి నాయకత్వం వహించిన జదునాథ్ సింగ్, తనవారందరూ పడిపోగా ఒంటరిగా శత్రువుపైకి ఉరికి వీరమరణం పొందాడు. ఆయనవి రెండు చారలు. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ ప్రాంతంలో పాటన్ ట్యాంకులను ధ్వంసం చేసి అసువులు బాసిన అబ్దుల్ హమీద్ హవల్దారు. 1971 డిసెంబరులో గంగాసాగర్ వద్ద తీవ్రంగా గాయపడి కూడా శత్రువుల మెషీన్‌గన్ నోరు మూయించి నేలకొరిగిన ఆల్బర్ట్ ఎక్కా లాన్స్ నాయక్, ఒక్క చారవాడు.

చార శాశ్వతం కాదు. 1950 నాటి సైనిక చట్టం ప్రకారం నేరం రుజువైతే, చారలు తొలగించి తిరిగి సిపాయిని చేయవచ్చు. ఏళ్ళ తరబడి నడవడితో సంపాదించినది ఒక్క తీర్పుతో పోతుంది. కనుక మూడు చారలవానిని చూచినప్పుడు, అతని క్రింద ఎందరున్నారని కాక, అతనికి ఎందరి ప్రాణాలు అప్పగించారని తలచుకోవడం సమంజసం.