పెనుకొండలో కొరియా పెనం

విహార నౌకలో జపాను హోటల్‌కి వెళితే వంటవాడు మీ ఎదురుగా నిలబడి, గరిటెలు గాల్లో తిప్పుతూ వేడివేడిగా వండి వడ్డిస్తాడు. పెనుకొండ దగ్గర హైవే పక్కనున్న కొరియా హోటల్‌కి వెళితే పొయ్యి మీ బల్ల మీదకే వస్తుంది. కాల్చుకోవాల్సింది మాత్రం మీరే!

బెంగళూరు-హైదరాబాద్ జాతీయ రహదారి మీద పెనుకొండ చుట్టుపక్కలకు రాగానే కొన్ని బోర్డుల మీద అక్షరాలు మారిపోతాయి. తెలుగు కాదు, కన్నడం కాదు... సున్నాలూ గీతలూ కలిపి పేర్చినట్టుండే కొరియా లిపి. దీని వెనక ఓ కార్ల కథ ఉంది. 2017 ఏప్రిల్‌లో కియా సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కర్మాగారం లేచింది. 2019 ఆగస్టు 8న తొలి సెల్టోస్ బయటికొచ్చింది. 2023 జులై నాటికి అక్కడ తయారైన కార్లు 10 లక్షలు. కార్ల పనికోసం కొరియా ఇంజినీర్లొచ్చారు, విడిభాగాల సంస్థలవాళ్లొచ్చారు. మనిషి ఎంత దూరం వెళ్లినా ముందు వెతుక్కునేది తన ఊరి తిండినే కదా! అలా వాళ్ల వెంట వాళ్ల వంటిల్లూ వచ్చేసింది.

దేశంలో అతి తక్కువ వానలు పడే ప్రాంతాల్లో ఇదొకటి. వేరుశనగ ఎండిపోయిన ఏడాది ఇళ్లకు తాళాలేసి బెంగళూరు రైలెక్కడం ఇక్కడి పల్లెలకు తరతరాల అలవాటు. అలాంటి చోటికి సముద్రాలు దాటి పనికోసం మనుషులు రావడం... అదే అసలు వింత.

ఇనప పలక చుట్టూ...

తినేవాళ్ల కళ్లముందే వండటాన్ని ప్రపంచానికి ఓ వేడుకగా పరిచయం చేసింది జపాను 'టెప్పన్‌యాకి'. టెప్పన్ అంటే ఇనప పలక, యాకి అంటే కాల్చడం లేదా వేపడం. కోబె నగరంలోని 'మిసోనో' అనే హోటల్ 1945లో దీన్ని మొదలుపెట్టిందని చెబుతారు. స్థానికులకన్నా విదేశీయులకే అది ఎక్కువ నచ్చిందట. 1964లో హిరోయాకి ఆవోకి న్యూయార్క్‌లో 'బెనిహానా' తెరిచాక వంటకి వినోదం తోడైంది. గరిటెలతో దరువులు, ఉల్లిచక్రాలు గోపురంలా పేర్చి మధ్యలోంచి మంట రప్పించడం... పిల్లలకు పండగే. విహార నౌకలకు అంతకన్నా ఏం కావాలి! నార్వేజియన్ క్రూజ్ లైన్ లాంటి సంస్థల ఓడల్లో ఇప్పుడు ఈ పలకలున్నాయి. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఒకే పెనం చుట్టూ కూర్చుని, భోజనం ముగిసేసరికి కబుర్లలో పడిపోతారు.

హిందూపురంలోనో ధర్మవరంలోనో దోసె బండి ముందు నిలబడినవాళ్లకు ఇందులో కొత్తేముంది? నీళ్లు చిలకరిస్తే పెనం చుయ్యిమనడం, చీపురుతో తుడవడం, పిండి గుండ్రంగా తిప్పడం... మనకి టికెట్టు లేని ప్రదర్శనే!

కిళ్లీలా చుట్టి...

కొరియావాళ్ల పద్ధతి దీనికి పొరుగింటి చుట్టం లాంటిది. జపాను పెనం దగ్గర వంటవాడు కళాకారుడు, మనం ప్రేక్షకులం. కొరియా బల్ల దగ్గర అందరూ వంటవాళ్లే. బల్ల మధ్యలో పొయ్యి, దానిమీద జాలీ గానీ పెనం గానీ, పైన పొగ లాగేసే గొట్టం. పచ్చి మాంసం పళ్లెంలో వస్తుంది. పటకారుతో పరిచి, రెండువైపులా కాలాక కత్తెరతో ముక్కలు చేస్తారు. మసాలాలో నానబెట్టిన గొడ్డుమాంసమైతే 'బుల్గోగి', పొరలు పొరలుగా ఉండే పందిమాంసమైతే 'సమ్గ్యొప్సల్'. లెట్యూస్ ఆకు అరచేతిలో పెట్టుకుని, అందులో ఓ ముక్క, వెల్లుల్లి రెబ్బ, కాస్త కారంగా ఉండే సోయా ముద్ద పెట్టి మడిచి ఒకేసారి నోట్లో వేసుకోవాలి. అచ్చం తాంబూలం వేసుకున్నట్టే. కొరికితే మర్యాద కాదు, పైగా చొక్కా పాడవుతుంది!

చుట్టూ చిన్న చిన్న గిన్నెల్లో కూరలూ పచ్చళ్లూ. ముందు పెద్దవాళ్లు చెంచా ఎత్తాకే చిన్నవాళ్లు మొదలెట్టాలన్నది వాళ్ల సంప్రదాయం. పెద్దలకు ఏదైనా అందిస్తే రెండు చేతులతోనే.

కిమ్చీకీ ఆవకాయకీ...

ఆ గిన్నెల్లో అసలు కథానాయిక కిమ్చీ. క్యాబేజీని ఉప్పులో ఊరబెట్టి, కారం, వెల్లుల్లి, అల్లం దట్టించి పులియనిస్తారు. చలికాలానికి ముందు ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ కలిసి ఆ కాలమంతటికీ సరిపడా పెట్టుకుంటారు. ఈ సంప్రదాయానికి 2013లో యునెస్కో గుర్తింపు దక్కింది. ఎండాకాలంలో మనిళ్లలో ఆవకాయ సందడి గుర్తొస్తోంది కదూ!

ఇంకో సంగతి. మిరప ఇక్కడిదీ కాదు, అక్కడిదీ కాదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వర్తకులు 16వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. ఆ శతాబ్దం చివర్లో అది కొరియాకీ చేరిందని చరిత్రకారులు చెబుతారు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండను రాజధాని చేసుకున్న కాలం ఇంచుమించు అదే. ఎక్కడో పుట్టిన కారం రెండు దేశాల్లోనూ 'మాదే' అనిపించుకుంది. ఇప్పుడు హిందూపురం మార్కెట్లో ఎండుమిర్చి బస్తాలు చూసి అది పరాయిదని ఎవరైనా అంటారా?

ఎవరి కోసం ఈ బల్ల?

అలాగని ఊరంతా వెళ్లి కూర్చుంటోందనుకుంటే పొరపాటే. ఈ హోటళ్లు పుట్టింది కొరియన్ల కోసం. ధరలు సంగటి హోటల్ ధరలు కావు. గొడ్డుమాంసం, పందిమాంసం అంటే గుమ్మం దగ్గరే ఆగిపోయే ఇళ్లెన్నో. ఒకే గిన్నెలోని పులుసు అందరూ తమ తమ చెంచాలతో తీసుకుంటే 'ఎంగిలి కదూ' అనే బామ్మలూ మనకున్నారు. శాకాహారులకైతే మరో జాగ్రత్త. క్యాబేజీయే కదా అని కిమ్చీ తినేయకూడదు. చాలావాటిలో చేపల రసమో ఉప్పురొయ్యలో కలుపుతారు, అడిగి తీసుకోవాలి. 'బిబింబాప్' అనే కూరగాయల అన్నాన్ని మాంసం, గుడ్డు లేకుండా చేయించుకోవచ్చు.

అందుకే కరవు సీమకు ఈ బల్ల వల్ల ఏం మిగులుతుందన్న ప్రశ్న రుచికి సంబంధించింది మాత్రమే కాదు. భూములు కర్మాగారానికిచ్చిన పల్లెల పిల్లలు ఆ హోటళ్లలో పళ్లేలు అందించేవాళ్లుగానే ఉండిపోతే మిగిలేది నెల జీతమే. కిమ్చీ ఊరబెట్టడం, పులుసు మరిగించడం, లెక్కలు చూడటం నేర్చుకుంటే అది ఎక్కడికెళ్లినా పనికొచ్చే విద్య. ఉగ్గాని బజ్జీ, రాగిసంగటి, ఊరుబిండి, ఓళిగలు ఆ అతిథులకు రుచి చూపించగలిగితే ఇచ్చిపుచ్చుకోవడం కూడా పూర్తవుతుంది.

అందుకు మొదటి మాట వెతుక్కోనక్కర్లేదు. కొరియాలో మనుషులు ఎదురుపడితే ఆప్యాయంగా అడిగే మాట... 'బాప్ మొగొస్సొయో?' అంటే- 'అన్నం తిన్నారా?' రాయలసీమ పల్లెల్లో గడప తొక్కినవారిని అడిగేదీ అదేగా!